కిరసనాయిలు సీసాకు మేక గంట

మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు ఇంట్లోకి మేకలు దూరాయనుకునేవాళ్ళు. ఒకాయనైతే వెనక పంచలో గంట మోగగానే లేచి కర్ర కూడా అందుకున్నాడు. తీరా చూస్తే అక్కడ మేక లేదు. మా అవ్వ దీపంలో పోయడానికి కిరసనాయిలు సీసా తీస్తోంది. సీసా మెడకు మేక గంట కట్టి ఉంది.

నా పేరు చెంచులు, మా అవ్వ పేరు పెంచలమ్మ. పుట్టింది ఉదయగిరిలో. కాపురానికి వచ్చింది ఆత్మకూరుకు నాలుగు మైళ్ళ ఇవతల, చెరువు కింద ఉన్న మా పల్లెకు. పొట్టి మనిషి. నడిస్తేనే పరుగెత్తినట్టుండేది. నేను మూడో తరగతితో బడికి దండం పెట్టినదాన్ని, ఆమె చరిత్ర మొత్తం రాయడం నా వల్ల కాదు. నాకు బాగా తెలిసిన గంటల సంగతి మాత్రం రాస్తాను. వాటికి కారణం నేనే.

నలభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో, నాకు మూడేళ్ళప్పుడు, దాహమేసి మూలనున్న సీసా ఎత్తి రెండు గుక్కలు తాగానట. అది కిరసనాయిలు. పక్కింటి వెంకమ్మ నాచేత కక్కించాలని ఉప్పునీళ్ళు కలుపుకొచ్చేలోపే అవ్వ నన్ను భుజాన వేసుకుని తాత బండి ఎక్కేసింది. ఆత్మకూరు ఆసుపత్రిలో కాంపౌండరు సామ్యేలు నా నోరు వాసన చూసి, "కక్కించినారా?" అని అడిగాడు.

"లేదు నాయనా, అంత తీరిక లేకపోయింది" అంది అవ్వ.

"మంచి పని చేసినావు. కక్కితే ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతాది. దీన్ని ఇక్కడ పెట్టుకుని చూస్తాం. నువ్వు ఇంటికి పోయినాక ఆ సీసా సంగతి చూడు."

రెండు రోజులు దగ్గుతూ ఉండి, మూడో రోజు అన్నం అడిగానట. తిరిగి వచ్చేటప్పుడు బండిలో మా తాత వెంగయ్య చుట్ట తీస్తే అవ్వ లాక్కుని బయటికి విసిరేసింది. "బిడ్డ తేన్చిందంటే బండి అంటుకుంటాది" అంది. తాత నాలుగు మైళ్ళూ చుట్ట లేకుండా వచ్చాడు. ఆ కోపం నా మీద చాలాకాలం ఉంచుకున్నాడు.

అవ్వ సీసాను ఎత్తుగా మేకుకు తగిలించింది. వారం తిరక్కుండా నేను రోలు ఎక్కి దాన్ని పట్టుకుని వేలాడుతున్నాను. ఆ మధ్యాహ్నమే ఆమె మేకల దొడ్లోకి పోయి మూడు గంటలు విప్పుకొచ్చింది. ఒకటి కిరసనాయిలు సీసాకు, ఒకటి నల్లుల మందు బుడ్డికి, ఒకటి ఎలకల మందు డబ్బాకు.

సాయంత్రం తాత దొడ్లోంచి వచ్చాడు. "ఏమ్మే, నా మేకలు మూగవైపోయినాయి. నీ సీసాలు మేతకు పోతాయా ఏంది?"

"అరవబాకయ్యా. రేపు సంతలో సీసాలకు వేరేవి తెస్తాను."

సంతలో గంటలమ్మే ఆయన, "ఎన్ని మేకలుండాయమ్మా?" అని అడిగాడు.

"మేకలకు కాదు, సీసాలకు."

"సీసాలు ఎక్కడన్నా తప్పిపోతాయా?"

"అవి యాడికీ పోవు. బిడ్డలే వాటికాడికి పోతారు" అని అవ్వ మూడు గంటలూ చెవి దగ్గర మోగించి చూసి మరీ తెచ్చింది.

అప్పటినుంచి గంట మోగితే చాలు, చేతిలో ఉన్నది కింద పడేసి అవ్వ పంచలోకి వచ్చేది. వచ్చాక ఇంట్లో, వీధిలో ఉన్న పిల్లలందరినీ వరసగా నిలబెట్టి నోళ్ళు వాసన చూసేది. మా ఈడు పిల్లలు అవ్వను చూస్తే చాలు నోరు తెరిచేవాళ్ళు. వెంకమ్మ, "మా వాళ్ళు నిన్ను చూసి పిచిక పిల్లల మాదిరి నోరు తెరస్తా ఉండారు పెంచలమ్మా" అని వేళాకోళం చేసేది.

నాకు ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఆ గంటతో ఒక లాభం కనిపెట్టాను. బెల్లం కుండ వంటింట్లో ఉండేది, అవ్వ వంటింటి గడపలో చింతపండు ఒలుస్తూ కూర్చునేది. నేను పంచలోకి పోయి సీసా ఒకసారి ఊపి, ఇంటి చుట్టూ తిరిగి వచ్చేసరికి గడప ఖాళీగా ఉండేది. బెల్లం ముక్క నోట్లో వేసుకుని, నేనూ పోయి వరసలో నిలబడేదాన్ని. అవ్వ నా నోరు కూడా వాసన చూసి, ఏమీ అనకుండా పక్కవాడి దగ్గరికి పోయేది. ముసలిదానికి ముక్కు పనిచేయడం లేదని నాకు గొప్ప సంబరం.

తాతకు మాత్రం అనుమానం వచ్చింది. "అది చెంచులు దొంగ గంట. నువ్వు లేవబాక" అనేవాడు. అవ్వ లేచేది.

ఒకరోజు అవ్వా తాతా ఇంటి వెనక కళ్ళంలో వేరుశనక్కాయలు ఎండబోస్తున్నారు. మా అమ్మ శీనమ్మ పొలంలో ఉంది. గడప ఎలాగూ ఖాళీ కాబట్టి గంట కొట్టే పని లేకుండానే నేను కుండలో చెయ్యి పెట్టాను. పెద్ద ముక్క. నోరు మూతపడలేదు. అప్పుడు పంచలో గంట మోగింది.

నేను ఇక్కడున్నాను. మరి అక్కడ ఎవరు? మా తమ్ముడు మాల్యాద్రికి రెండేళ్ళు. అరుద్దామంటే నోట్లో బెల్లం. ఉమ్మేసి పరుగెత్తాను.

నేను పంచ చేరేసరికి అవ్వ ముందే అక్కడుంది. కళ్ళం నుంచి కంచె మీదుగా వచ్చిందో, ఎగిరి వచ్చిందో, చీర కుచ్చెళ్ళకు ముళ్ళకంప వేలాడుతోంది. తమ్ముడు నా మాదిరే రోలెక్కి సీసా అందుకుని, బిరడా పీకి నోటి దాకా ఎత్తాడు. అవ్వ సీసా లాగేసింది. సగం వాడి పొట్ట మీద ఒలికింది. ఆమె వాడి నోట్లో ముక్కు పెట్టి ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు వాసన చూసింది. తర్వాత కింద కూలబడి నవ్వింది. వాడూ నవ్వాడు. బావి దగ్గరికి ఎత్తుకుపోయి సీకాయతో రుద్ది రుద్ది కడిగింది. అప్పుడు ఏడ్చాడు.

తాత ఆయాసపడుతూ వచ్చాడు. "నేను చెంచులు పనే అనుకున్నా. ఇన్నిసార్లు మోసపోయినాక కూడా ఎట్ట లేచినావే?"

"నేనెప్పుడు మోసపోయినా?" అంది అవ్వ. "గంట మోగిందంటే ఒక బిడ్డ చెయ్యి ఆ సీసా మీద ఉన్నట్టే గదా. చెంచులు మటుకు బిడ్డ కాదా?"

నేను తమ్ముడి గోచీ వెతికే పనిమీద అక్కడినుంచి తప్పుకున్నాను.

ఆ వారం వెంకమ్మ రెండు గంటలు తెప్పించుకుంది. ఏడాది తిరిగేసరికి మా వీధిలో దీపాలు పెట్టే వేళ గణగణ మోగని ఇల్లు లేదు. తాత మేకలు ఏ ఇంటికి పోవాలో తెలియక వీధి మధ్యలో నిలబడేవి.

చాలా రోజులకు ధైర్యం తెచ్చుకుని అడిగాను. "అవ్వా, నా నోట్లో బెల్లం వాసన నీకు తెలవనే లేదా?"

"ప్రతిసారీ తెలిసింది."

"మరి ఆ కుండకు గంట ఎందుకు కట్టలా?"

అవ్వ చింతపండు ఒలుస్తూనే తల కూడా ఎత్తకుండా చెప్పింది. "దానికెందుకే? నీ నోట్లో బెల్లం వాసన వచ్చిన రోజు నాకు నిమ్మళంగా ఉండేది."