పేరూ ఊరూ చెప్పి చేసిన ప్రార్థన

దుకాణంలో పంచదార పొట్లం కట్టించుకుంటుంటే, పక్కన నిలబడిన మనిషి ఫోనులోంచి నా గొంతు వినపడింది.

"ప్రభువా, ఆ బిడ్డను నవ్విస్తూ ఏడిపించినారు..."

ఆ మాట అయిపోగానే ఎవరో కలిపిన నవ్వులు, ఈలలు. ఆ మనిషి కూడా నవ్వినాడు. నా వైపు చూడలేదు. నేను పొట్లం అక్కడే వదిలేసి ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టుకున్నాను.

అప్పటిదాకా నాకు తెలిసిన భయాలు వేరు. బోరు ఎండిపోతుందేమో, మా ఇంటాయన పరంజా మీద నుంచి జారతాడేమో, అట్లాంటివి. నేను ఇంట్లో ఉండగా నా గొంతు ఒక్కటే ఊర్లు తిరుగుతుందని ఎన్నడూ అనుకోలేదు.

మాది మార్కాపురానికి ఆటోలో అరగంట దూరం. నేను బడికి పోలేదు. మా నాయన పలకల పనికి పోయేవాడు. అంచు విరిగినవి ఇంటికి తెచ్చి, వాటి మీదే నాకు అక్షరాలు దిద్దించినాడు, తరవాత బైబిలు వాక్యం చదివించినాడు. ఆ విరిగిన పలకల కోసం ఇప్పటికీ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. ప్రార్థన ఎట్ల చెయ్యాలో కూడా ఆయనే నేర్పినాడు. "దేవుడి ముందర నిలబడితే నీ పేరు చెప్పు, ఊరు చెప్పు, ఎవరి కోసం అడుగుతున్నావో చెప్పు. దాక్కొని అడగొద్దు," అనేవాడు.

మా సంఘంలో ఆడవాళ్ళందరిదీ ఇదే అలవాటు. ప్రార్థన కూడికలో లేచి నిలబడితే ముందు పేరు, ఊరు, ఇంటాయన పేరు, ఇల్లు ఏ పక్కనో కూడా చెప్పుకుంటాము. ఫోన్లు వచ్చినాక స్త్రీల కూడికకు ఒక గ్రూపు పెట్టుకున్నాము. మాలో చానా మందికి రాయను రాదు, అందుకని ప్రార్థన మనవులన్నీ నోటితో చెప్పి పంపుతాము. అక్కడా అంతే. పేరూ ఊరూ లేకుండా ఎవరూ మొదలుపెట్టరు.

ఆ రోజుల్లో ఒక పెద్ద హీరో సినిమా ఫంక్షన్‌లో మాట్లాడిన మాటలు అందరి ఫోన్లలో తిరుగుతున్నాయి. పక్కన నిలబడిన హీరోయిన్ చామనఛాయ కంటే ఒక రంగు నలుపు. ఆయన మైకులో, "లైటు ఈ అమ్మాయి మీద ఇంకాస్త వెయ్యండయ్యా, లేకపోతే పళ్ళు తప్ప ఏమీ కనపడవు," అన్నాడు. జనం ఒకటే ఈలలు. ఆ పిల్ల ఏదో చెప్పబోతే మైకు లాక్కుని, "ఆడోళ్ళ చేతికి మైకిస్తే సినిమా కాస్తా సీరియల్ అయిపోద్ది," అన్నాడు. ఆ పిల్ల నవ్వింది. పెదవులే నవ్వినాయి.

మా పాప అది చూసి ఫోను మంచం మీద బోర్లా పెట్టింది. మా పాపది మా అత్త రంగు. పెళ్ళిళ్ళలో చుట్టాలు "పిల్లను ఎండలో తిప్పకమ్మా" అంటే అది కూడా అట్లనే నవ్వుద్ది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు.

టీవీలో నలుగురు నాలుగు గడుల్లో కూర్చుని అరుచుకున్నారు. జోకును జోకుగా తీసుకోలేరా అని ఒకాయన, క్షమాపణ చెప్పాల్సిందే అని ఒకామె. రెండు రోజులకు ఆ పిల్లే వీడియోలో కనపడి, సార్ నాకు అన్నలాంటి వారు, నేనేమీ బాధపడలేదు అని చెప్పింది. ఎదురుగా ఏదో పెట్టుకుని చదువుతున్నట్టు కళ్ళు అటూ ఇటూ కదులుతున్నాయి. అంతటితో ఆమె తరఫున అరిచినోళ్ళు కూడా ఆమెనే తిట్టడం మొదలుపెట్టినారు.

ఆ పొద్దు నేను గ్రూపులో ప్రార్థన పెట్టినాను. పేరు చెప్పినాను, ఊరు చెప్పినాను, నీళ్ళ ట్యాంకు పక్క ఇల్లని చెప్పినాను. "ప్రభువా, ఆ బిడ్డను నవ్విస్తూ ఏడిపించినారు. ఆయన నోటికి సిగ్గు నేర్పు, ఆయన్ను క్షమించు. నన్నూ క్షమించు. రోజూ ఆటోలో మార్కాపురం పోయి ల్యాబు చదువు చదివే నా బిడ్డ మొహానికి, చిన్నప్పుడు తెల్లబడాలని శనగపిండి రుద్దినదాన్ని నేనే. ఏడ్చినా ఆపలేదు."

మా కూడికలో ఒకామె అది విని కన్నీళ్ళు పెట్టుకుని పొదిలిలో ఉన్న చెల్లెలికి పంపిందంట. ప్రేమతోనే పంపింది. అక్కడి నుంచి ఎవరి చేతికి పోయిందో, ఆ హీరో బొమ్మ పెట్టి, నవ్వులు కలిపి వదిలినారు. పేరు, ఊరు, ఇల్లు, బిడ్డ పోయే దారి, అన్నీ నా నోటితో నేనే చెప్పి ఉన్నాను. వాళ్ళు వెతుక్కునే పని లేకుండా పోయింది.

ఫోన్లు మొదలైనాయి. నంబరు ఎట్ల దొరికిందో తెలియదు. "ఏం పెద్దమ్మా, మా అన్న నోటికి సిగ్గు నేర్పిస్తావా? నీ నోటికి మేం నేర్పాల్నా?" అని ఒకడు. తిట్టినోళ్ళు తిట్టినారు. ఒకడు మాత్రం తిట్టలేదు. మెల్లగా, ఇంట్లో మనిషి మాదిరి, "మీ పాప ఏ ఆటో ఎక్కుద్దో మాకు తెలుసులేమ్మా," అని పెట్టేసినాడు. తిట్లన్నీ మరిచిపోయినాను గానీ ఆ మెత్తని మాట ఇంకా చెవిలోనే ఉంది.

మా ఇంటాయన బేల్దారి మేస్త్రి. వయసులో ఆ హీరో మొదటాట టికెట్ కోసం చొక్కా చించుకుని వచ్చిన మనిషి.

"నీకెందుకే సినిమావోళ్ళ గోల? వాన కోసం చెయ్యి ప్రార్థన, నా నడుం నొప్పి కోసం చెయ్యి. ఆయన నోరే దొరికిందా నీకు?"

"తప్పే అంటావా?"

"తప్పో ఒప్పో నాకు తెల్దు. పాపను ఇంట్లో ఉంచు. గోల చల్లారినాక చూద్దాం."

"సోమవారం ప్రాక్టికల్ పరీక్ష నాయనా," అంది పాప. "పోకపోతే ఏడాది పోద్ది."

ఆయన అన్నం ముందర నుంచి లేచిపోయినాడు.

మా చర్చి పాస్టరు అయ్యగారు ఫోను చేసినారు. "అమ్మా, నీ మనసు మంచిదే. కానీ క్షమాపణగా ఒక మాట చెప్పి పెట్టు. గొడవ చర్చి మీదికి రాకుండా ఉంటది," అన్నారు. కాగితం మీద రాసుకుని మూడుసార్లు ఫోనులో చెప్పి చూసినాను. నాకేమీ బాధ లేదు, ఆయన పెద్దవారు అని. మళ్ళీ పెట్టి వింటే ఆ సినిమా పిల్ల గొంతు మాదిరే ఉంది. తీసేసినాను.

ఆ వారమంతా బయట నోరు తెరవలేదు. దుకాణంలో వేలితో చూపించి సరుకులు తెచ్చుకున్నాను. చర్చిలో పాట ఎత్తేదాన్ని నేనే, ఆదివారం పెదవులు మాత్రం కదిపినాను. సోమవారం పాపతో నేనూ బయలుదేరినాను.

"ఆటోలో నువ్వు మాట్లాడకమ్మా," అంది. "నీ గొంతు ఇప్పుడు అందరికీ తెలుసు."

వచ్చిన ఆటో అద్దం మీద ఆ హీరో బొమ్మే ఉంది. ఎక్కకుంటే పరీక్షకు అందుకోలేము, ఎక్కినాము. లోపల గాజుల పెట్టె ఒళ్ళో పెట్టుకున్న ఒక సాయిబుల పెద్దామె, డ్రైవర్ పక్కన ఒక పడుచోడు. ఊరు దాటి పొలాల మధ్యకు వచ్చినాక ఆ పడుచోడు ఫోను తీసినాడు.

"అన్నా, ఇది విన్నావా? మన హీరో కోసం ప్రార్థన."

నా గొంతు ఆటో అంతా నిండింది. డ్రైవర్ నవ్వినాడు. పెద్దామె, "కౌన్ హై రే, ఎవురామె? కూతురి సంగతి నిజమే చెప్తా ఉండాది గదా," అంది. పడుచోడు వెనక్కి తిరిగి మా పాపను చూసినాడు.

"పాపా, ఇది మీ ఊరే గదా! ఎవరో తెలుసా ఈ శనగపిండమ్మ?"

మా పాప నవ్వింది. పెదవులే నవ్వినాయి.

ఆ నవ్వును ఇంకొక్క క్షణం చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు.

"అది నేనే నాయనా," అన్నాను.

పడుచోడు ఫోను ఆపినాడు. డ్రైవర్ అద్దంలో నన్ను చూసి, తరవాత పాపను చూసినాడు. ఆటో నెమ్మదైంది. రెండు పక్కలా ఎండిన కంది మోళ్ళు, మనిషి పొడ లేదు. ఇక్కడే ఆపుతాడు, ఇక్కడే దించుతాడు అనుకున్నాను. లోపల ప్రార్థన కూడా రాలేదు. పెద్దామె చేయి నా మోకాలి మీద పడింది, గాజులు గలగలమన్నాయి. ఆమె చేయి తియ్యలేదు.

ఆటో ఆగలేదు. గోతులు దాటినాక మళ్ళీ వేగం అందుకుంది. మార్కాపురంలో దిగినప్పుడు డ్రైవర్ అడిగినాడు, "మళ్ళీ ఎన్నింటికి వస్తారమ్మా?"

మంచికి అడుగుతున్నాడో, ఎవరికైనా చెప్పడానికి అడుగుతున్నాడో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. "ఇంకా అనుకోలేదు," అన్నాను.

పరీక్ష అయ్యేదాకా కాలేజీ గేటు దగ్గర నిలబడినాను. మోటారు సైకిలు ఆగినప్పుడల్లా కొంగు బిగించుకున్నాను. పాప బయటకొచ్చి, "బాగానే చేసినానమ్మా," అంది. తిరుగు దారిలో ఆటో కాకుండా బస్సెక్కినాము. పాప కిటికీ పక్కన కూర్చుంటానంటే వద్దని నేను కూర్చున్నాను.

సాయంత్రం గ్రూపులో కృతజ్ఞత చెప్పడానికి ఫోను తీసుకున్నాను. నాయన నేర్పినట్టే నా పేరు చెప్పినాను, ఊరు చెప్పినాను. పరీక్ష అయినందుకు, గాజుల పెద్దామె చేతి కోసం, ఆగని ఆటో కోసం స్తోత్రం చెప్పినాను. ఆ సినిమా పిల్ల కోసం మళ్ళీ అడిగినాను. నా బిడ్డ ఏ దారిన పోద్దో మాత్రం చెప్పలేదు. అది ప్రభువుకు తెలుసు.