పెట్ట కింద వావిలాకు

నా చిన్నప్పుడు నాకు బడి లేదు, కోళ్ళగూడు ఉంది. అక్షరాలు తల నెరిశాక మనవరాలి పక్కన కూర్చుని దిద్దుకున్నాను. గూటి పని మాత్రం పాలపళ్ళు ఊడకముందే వచ్చేసింది. నేర్పింది మా మేనత్త. మండవల్లి దగ్గర, కొల్లేటి గట్టున, మా ఇల్లూ ఆవిడ ఇల్లూ పక్కపక్కనే ఉండేవి.

కొల్లేట్లో కోసిన కిక్కిసగడ్డితో తడికలు కట్టి, పేడమట్టి మెత్తి గూడు చేసేవాళ్ళం. పొద్దున్నే రెట్ట ఊడ్చి, పొయ్యిలో బూడిద చల్లి, పైన ఊక పరవాలి. అప్పుడప్పుడు వేపాకు పొగ వెయ్యాలి. పొదగడానికి కూర్చున్న పెట్టకైతే ఇంకో మర్యాద ఉంది. అది గుడ్ల మీంచి లేవదు, ఒళ్ళు దులుపుకోదు, పేలు పట్టి పీక్కుతింటాయి. అందుకని గంపలో ఎండుగడ్డి కింద వావిలాకు దట్టంగా వేస్తాం. వాసన పోగానే ఆకు మార్చాలి. పెట్ట పొడుస్తుంది, పొడిపించుకుంటూనే మార్చాలి. "బాలింత కోపమే అది, ఓర్చుకో" అనేది మా మేనత్త.

ఒక ఏడాది అలా గుడ్ల మీద కూర్చున్న నల్లపెట్ట నాది. అది పిల్లగా ఉన్నప్పుడు గద్ద తన్నుకుపోతూ జారవిడిస్తే, మా మేనత్త తెచ్చి నా ఒళ్ళో పెట్టి, ఇక నీదే అంది. నాదని చెప్పుకోడానికి నాకు ఇంకేమీ లేదు.

అంతకుముందే ఒకరోజు కోళ్ళకి సూది వెయ్యడానికి పశువుల ఆసుపత్రి కాంపౌండరు గారు సైకిలు మీద వచ్చారు. సూది వేస్తే గుడ్లు మానేస్తాయని వీధి వీధంతా కోళ్ళని గంపల కింద దాచేసింది. "మా ఇంట్లో కోళ్ళు లేవండీ" అని మా మేనత్త అంటుండగానే గంప కింద పుంజు కూసింది. "అది పక్కింటిదండీ" అందావిడ, ఏమాత్రం తడుముకోకుండా. ఆయన నవ్వి వెళ్ళిపోయారు. మేమూ పడి పడి నవ్వాం.

తర్వాత కోళ్ళకి కొక్కెర తెగులు వచ్చింది. వీధి చివర మొదలై ఇల్లిల్లూ తిరిగింది. మా నాన్న, అమ్మవారు పోసిందని గూటికి వేపమండలు కట్టి పసుపునీళ్ళు చల్లాడు. "ఏం అన్నయ్యా, కోడితో వ్రతం కూడా చేయిస్తావా?" అని మా మేనత్త ఎగతాళి చేసింది గానీ, ఆవిడ మొహంలో నవ్వు లేదు.

నేను గట్టు మీదికి పరిగెత్తి ఒడి నిండా వావిలాకు కోసుకొచ్చాను. నల్లపెట్ట మెడ అప్పటికే పక్కకి తిరిగిపోతోంది. కింద గుడ్లలోంచి పిల్లల కూత సన్నగా వినబడుతోంది, పెంకులు ఇంకా పగల్లేదు. ఆ కూత విన్నప్పుడల్లా అది వంకర మెడతోనే గొణిగినట్టు బదులు పలికేది.

తగ్గిపోతుందిలే అంది మా అమ్మ. మా నాన్నా అదే అన్నాడు. నేను మా మేనత్త కొంగు పట్టుకుని, "ఈ ఆకుతో తగ్గుతుంది కదత్తా?" అని అడిగాను.

ఆవిడ నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. "తగ్గదే. ఆకు పేలకి. దీనికి సూది ముందే వేయించాల్సింది. దాచేసింది నేనే. నీ పెట్ట చచ్చిపోతుంది."

నేను ఆవిడని కొట్టాను. చెయ్యి అందిన చోటల్లా కొట్టాను. కొట్టనిచ్చింది. ఏడ్చి ఏడ్చి నేను ఆగాక, పెట్టని రెండు చేతులతో కాస్త పైకెత్తి, వాడిన ఆకు తియ్యమంది. చచ్చిపోయేదానికి ఎందుకన్నాను.

"ఇప్పుడు బతికే ఉంది కదే. పేలు కుడుతున్నాయి దానికి."

తీశాను. కొత్తాకు వేశాను. పెట్ట నన్ను పొడవలేదు. పొడవనందుకే నాకు మళ్ళీ ఏడుపొచ్చింది.

ఆ రోజు మా మేనత్త పొయ్యి వెలిగించలేదు. మామయ్య వచ్చి పిలిచినా లేవలేదు. నన్ను ఆనించుకుని గూటి ముందే కూర్చుంది. మధ్యాహ్నం నల్లపెట్ట పోయింది. సాయంత్రానికి ఒక్క పిల్ల పెంకు పగలగొట్టుకుని, తడితడిగా తల్లి రెక్క కిందికి దూరింది. ఆ రెక్క చల్లబడిపోయి ఉంది. ఆవిడ దాన్ని పాతగుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టింది. ఇది కూడా ఉండదమ్మా, ఉన్నంతసేపు వెచ్చగా పట్టుకో, అంది. పట్టుకున్నాను. తెల్లారేసరికి అదీ లేదు.

ఇప్పటికీ నా గూట్లో వావిలాకు వేస్తాను. కోళ్ళకి సూదీ వేయిస్తాను. నా నోరు మంచిది కాదని, మొహం మీదే చెప్పేస్తానని మావాళ్ళు అంటారు. నిజమే. కానీ చెప్పేసి లేచిపోకూడదని కూడా ఆ గూటి ముందే నేర్చుకున్నాను.

మా ఆయన ఏలూరు ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో ఉన్నప్పుడు, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ లేచి తిరుగుతారన్నారు. అందరూ వెళ్ళాక ఆయన నన్నడిగారు, ఇంటికొస్తానంటావా అని.

"రారండీ" అన్నాను.

ఆయన గోడవైపు తిరిగిపోయారు. నేను స్టూలు మంచానికి దగ్గరగా లాక్కుని కూర్చున్నాను. టీ తాగి రమ్మని మా అబ్బాయి ఎంత చెప్పినా కదల్లేదు. చాలాసేపటికి ఆయన మొహం ఇటు తిప్పకుండానే, చెయ్యి మాత్రం వెనక్కి చాపారు.