నా ఉపవాసం తిన్న పిల్ల

నా చిన్నప్పుడు జమ్మలమడుగులో శ్రమదినాలు మొదలైన సంగతి మా ఇంట్లో ముందుగా ముక్కుకే తెలిసేది. పప్పులో తిరగమోత వాసన ఆగిపోయేది. ఈస్టర్ దాకా నలభై దినాలు మాంసం లేదు, నూనె లేదు, కాఫీలో చక్కెర లేదు. పొద్దున సంగటి, రాత్రి సంగటి, పక్కన రోట్లో నూరిన ఊరిబిండి పచ్చడి. పెద్దవాళ్లు వీటితో పాటు తమకు ఇష్టమైనది ఇంకొకటి వదిలేవాళ్లు. మా నాయన ఆకూవక్కా మానేవాడు. మా జేజి, అంటే నాయన తల్లి, ఏకంగా ఉప్పే మానేది. పిల్లల మీద మాత్రం ఏ బలవంతమూ ఉండేది కాదు.

బలవంతం లేనప్పుడు నాకెందుకు వచ్చింది ఈ తంటా అంటే, కుళ్లు వల్ల. నాకు తొమ్మిదేళ్లు. శ్రమదినాలు మొదలయ్యే భస్మ బుధవారం తర్వాతి ఆదివారం మా చర్చి అయ్యగారు సండే స్కూల్లో ఎవరెవరు ఏం వదులుతున్నారని అడిగారు. నా పక్కన కూర్చున్న పిల్ల బెల్లం వదులుతానంది. అయ్యగారు దాని తల నిమిరారు. ఆ చెయ్యి దాని తల మీద ఉన్నంతసేపూ నా కడుపు మండింది. లేచి నిలబడి, నేను గుడ్డు వదులుతానన్నాను. మా నాయన నాకోసం పెంచిన నల్లపెట్ట సంగతి వీధిలో అందరికీ తెలుసు. రోజు విడిచి రోజు అది పెట్టే గుడ్డు నాదేననీ తెలుసు. అయ్యగారు నా మాటను పెద్దల ఆరాధనలో కూడా చెప్పారు. ఆ పూట నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. వదలడమంటే నా మనసులో దాచుకోవడమే. గుడ్లన్నీ రాగుల కుండలో చేరతాయి, ఈస్టర్ నాడు ఆ కుండ నాది. పేరుకు పేరు, గుడ్లకు గుడ్లు. వారం తర్వాత ఆశగా కుండలో చెయ్యి పెడితే రాగులే తగిలాయి. జేజిని నిలదీశాను. వెనక సందులో ఉండే కూలామె కూతురికి ఇస్తున్నానంది. ఆ పిల్లది నా ఈడే. విషజ్వరంతో రెండు వారాలు ఆస్పత్రిలో ఉండి, గుండు కొట్టించుకుని, పుల్లలాగా ఇంటికి వచ్చింది. గుడ్డూ పాలూ పెట్టమని డాక్టరమ్మ చెప్పిందట. వాళ్లింట్లో కోడీ లేదు, బర్రే లేదు.

అది నా గుడ్డని నేల మీద కాళ్లు బాదుకుంటూ ఏడ్చాను. జేజి రాగులు చెరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"వదిలినావు కదా మే! వదిలినాక అది యాడికి పోతే నీకేంది?"

నాకేందా? ఉపవాసం నాది, నా ఉపవాసాన్ని తినేది ఆ పిల్ల. ఒకరోజు జేజి వెనకాలే వెళ్లి వాళ్ల తలుపు సందులోంచి చూశాను. జేజి గుడ్డు ఒలిచి, తాను నాలుక మీద వేసుకోని ఉప్పును కొంగు ముడిలోంచి తీసి చిటికెడు చల్లి, చిదిమి ఆ పిల్ల నోట్లో పెడుతోంది. పెట్టాక కొంగుతో మూతి తుడిచింది. మా తమ్ముడు పుట్టినప్పటి నుంచీ ఆ కొంగు నా మూతిని తుడవలేదు. నిజం చెప్పాలంటే గుడ్డు కన్నా ఆ కొంగు దగ్గరే నాకు ఎక్కువ కాలింది. ఆ తర్వాత ఆ పిల్ల బుగ్గలు పూడుతుంటే చూడలేకపోయాను. గుండు మీద నల్లగా వెంట్రుకలు మొలుస్తుంటే అదీ ఓర్చుకోలేకపోయాను.

అంతలో జేజికి మోకాలు పట్టేసింది. ఉడికిన గుడ్డు గుడ్డపేలికలో చుట్టి, ఇచ్చి రమ్మని నన్ను పంపింది. గుడ్డు చేతిలో వెచ్చగా ఉంది. చర్చి గోడ వెనక్కి తిరిగి, ఒలుచుకుని, రెండు ముక్కల్లో మింగేశాను. పెంకులు మట్టిలో కప్పెట్టాను. ఆ పిల్ల ఇంటి ముందు ఆగి, మా కోడి గుడ్లు మానేసిందని చెప్పాను. ఇంటికొచ్చి, ఇచ్చినానని చెప్పాను. ఆ వారంలో మూడు గుడ్లు అలాగే తిన్నాను. ఊరంతా నన్ను ఉపవాస భక్తురాలనుకుంటోంది.

మూడో గుడ్డు తిన్న మర్నాడు పొద్దున కూలామె మా వాకిట్లోకి వచ్చింది. కొంగున ఏదో మూటగట్టి ఉంది. ముడి విప్పితే జొన్నలు, రెండు దోసెళ్లు ఉంటాయేమో.

"మీ కోడి గుడ్లు మానేసిందంట కదత్తా. మేత చాల్లేదేమో, ఇయ్యి ఏసి చూడండి. నిన్న కూలికి జొన్నలిచ్చినారు. మా పాప తన సంగటి తగ్గించుకుంటాదంట, కోడికి ఇచ్చి రామ్మని ఒకటే పోరు."

జేజి నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. ఒక్క మాటతో నా బండారం వీధిన పడేది. అయ్యగారి దాకా పోయేది. నాకు ఆ క్షణాన ఆ పిల్ల మీద జాలి రాలేదు, నా పరువు పోతుందనే భయమే వేసింది. జేజి చాట తెచ్చి ఆ జొన్నలు పోయించుకుంది.

"అవును మే, మేతే తక్కువైనట్టుంది. రేపట్నుంచి పెడతాది లే."

ఆ శ్రమదినాల్లో జేజి ఆడిన అబద్ధం అదొక్కటే. కూలామె వెళ్లాక చాట నా చేతికిచ్చి, కోడికి నన్నే వేయమంది. వేశాను. నల్లపెట్ట టకటకా ఏరుకు తింటుంటే వాళ్ల ఒక పూట సంగటి నా కళ్ల ముందే అయిపోతోంది. అప్పుడు ఏడుపొచ్చింది. జేజి ఒళ్లో తల పెట్టి, నాకా పిల్లంటే కుళ్లనీ, కుళ్లు పోయాక తప్పకుండా ఇస్తాననీ చెప్పాను. జేజి తిట్టలేదు, ముద్దూ చేయలేదు.

"నీ కుళ్లు పోయేదాంక ఆ పిల్ల కడుపు ఆగుతాదా? కుళ్లుకుంటానే ఇయ్యి. నీ చేత్తోనే ఒలిచి పెట్టు."

మర్నాడు కోడి గుడ్డు పెట్టింది. నేనే తీసుకెళ్లాను. ఆ పిల్ల గడపలో కూర్చుని ఉంది. కోడి జొన్నలు తినిందా అని అడిగింది. తినిందన్నాను. ఆ వారమంతటిలో దానితో నేను చెప్పిన నిజం అదే. గుడ్డు ఒలిచాను, ఉప్పు చల్లాను, నోట్లో పెట్టాను. మూతి మాత్రం తుడవలేదు, అంత మంచిదాన్ని కాను. ఈస్టర్ దాకా అలాగే లోపల మండుతూనే పెట్టాను. పండుగ నాడు ఆ పిల్ల బొచ్చుబొచ్చు జుట్టుతో చర్చికి వచ్చి నా కన్నా గట్టిగా పాడింది. అప్పుడూ కుళ్లుకున్నాను. మధ్యాహ్నం జేజి నా గుడ్డు నా పళ్లెంలో పెట్టి, నేను తిన్నాక కొంగుతో నా మూతి తుడిచింది.

ఇప్పుడు ప్రొద్దుటూరులో మనవరాలి దగ్గర ఉంటున్నాను. మొన్న శ్రమదినాలు మొదలైన రోజు అది చాక్లెట్లు మానేసినట్టు ఫోన్లో స్టేటస్ పెట్టుకుంది. బాగుంది, మరి నీ చాక్లెట్ ఎవరు తింటున్నారే అని అడిగాను. దానికి ప్రశ్న అర్థం కాలేదు. నేను వదిలింది సాయంత్రం పాలు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురికి నేనే పట్టుకెళ్లి ఇస్తాను. నాకు పాలంటే ప్రాణం. ఆ పిల్ల గ్లాసు ఎత్తగానే ఈ వయసులో కూడా నా గొంతు గుటక వేస్తుంది, కొంచెం కోపం కూడా వస్తుంది. మనవరాలు తాను ఇచ్చొస్తానంటే ఒప్పుకోను. మెట్లు దిగేటప్పుడు ఒక గుక్క తాగేస్తానేమోనని నా మీద నాకే అనుమానం కాబట్టి గ్లాసు మీద మూత పెట్టుకుని దిగుతాను. ఆ పిల్ల తాగడం అయ్యేదాకా అక్కడే నిలబడి, చివర్లో నా కొంగుతో దాని మూతి తుడిచి వస్తాను.