మాసీకి నేనిచ్చిన మాత్రలు

మధ్య అండమాన్‌లోని రంగత్ స్కూలుకు బదిలీ అయినప్పుడు నాకు నలభై ఆరేళ్ళు. అప్పటిదాకా పోర్ట్ బ్లెయిర్‌లో, రేవు పక్కనున్న హాడోలోనే ఉన్నాను. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చి, అక్కడి గవర్నమెంటు క్వార్టర్సులోనే నన్ను పెంచాడు. అమ్మా నాన్నా పోయారు. నేను పెళ్ళి చేసుకోలేదు. చర్చీలో పక్కన కూర్చునే నలుగురు ఆడవాళ్ళే నాకు చుట్టాలు. రంగత్‌లో ఆ నలుగురూ లేరు.

బడిలో నేను చెప్పేది తెలుగు పాఠం. పిల్లలు తెలుగులో గలగలా మాట్లాడేవాళ్ళు. పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కునేవాళ్ళు. బడి వదిలాక గుట్ట ఎక్కి క్వార్టరుకు వచ్చేదాన్ని. మొదట్లో, ఆదివారం ఒకరింట్లో జరిగే తెలుగు ప్రార్థనకు వెళ్తే తప్ప, మిగతా ఆరు సాయంత్రాలూ నా గొంతు నాకే వినబడేది కాదు.

పక్క వాటాలో ఒక ముసలావిడ ఉండేది. దేశ విభజన తర్వాత బెంగాల్ నుంచి వచ్చి ఇక్కడ అడవి కొట్టి పొలం చేసుకున్న కుటుంబాల్లో ఒకదాని కోడలు. భర్త పోయాడు. కొడుకు అటవీ శాఖలో పని చేస్తూ ఎక్కువ రోజులు క్యాంపులోనే ఉండేవాడు. ఆవిడను మాసీ అని, మన పిన్ని అన్నట్టు, పిలిచేదాన్ని. ఆవిడ నన్ను దీదీమణి అనేది, వాళ్ళ భాషలో పంతులమ్మ అని. ఇద్దరికీ వచ్చీరాని హిందీయే దిక్కు. సాయంత్రం నా మెట్ల మీద కూర్చుని టీ తాగేవాళ్ళం. మాటలు అయిపోతే ఊరికే వాన చూసేవాళ్ళం. ఆ గంట కోసం నేను మధ్యాహ్నం నుంచే ఎదురుచూసేదాన్నని ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు.

గుట్ట ఎక్కీ దిగీ, రోజంతా బోర్డు ముందు నిలబడీ నా మోకాళ్ళు పట్టేశాయి. ఆసుపత్రిలో డాక్టరు చూసి, వాపూ నొప్పీ తగ్గే మాత్రలు ఐదు రోజులకు రాశాడు. అన్నం తిన్నాకే వేసుకోమన్నాడు, ఐదు రోజులయ్యాక మళ్ళీ రమ్మన్నాడు. రెండో రోజుకే నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. మళ్ళీ వెళ్ళలేదు. ఖాళీ అయిన అట్ట దుకాణంలో చూపిస్తే అదే మాత్ర ఇచ్చేవాళ్ళు. అలా మూడు నెలలు వేసుకున్నాను. పొద్దున్నే ఒట్టి టీతో ఒకటి, బడి నుంచి రాగానే ఒకటి. ఛాతీలో మంట వస్తే మజ్జిగ తాగి ఊరుకునేదాన్ని. పాదాలు ఉబ్బితే చెప్పుల తప్పనుకున్నాను.

ఆ వానాకాలం మాసీ నడుము పట్టేసింది. మెట్టు ఎక్కలేక గోడ పట్టుకుని నిలబడింది. నేను పరుగున లోపలికెళ్ళి నా అట్టలోంచి రెండు మాత్రలు తెచ్చాను.

"ఇదుగో మాసీ, నా మోకాళ్ళను నిలబెట్టింది ఇదే," అన్నాను.

మర్నాడు ఆవిడ తనంతట తనే మెట్లెక్కి వచ్చింది. "దర్ద్ భాగ్ గయా, దీదీమణి!" నొప్పి పారిపోయిందని చెప్పి, పళ్ళు లేని నోటితో నవ్వింది. నా తల మీద చెయ్యి పెట్టింది. అమ్మ పోయాక నా తల మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. నేను ఒక మనిషికి పనికొచ్చాను. ఆ సంతోషంలో లోపలికెళ్ళి నిండు అట్ట తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. రోజుకు రెండు వేసుకోమన్నాను.

ఆవిడకు ఏడాది కిందట గుండెజబ్బు వచ్చిందని నాకు తెలుసు. దేవుడి పటం కింద చిన్న సీసాలో తెల్ల మాత్రలుండేవి, రోజూ ఒకటి వేసుకునేది. అవి ఎందుకని నేను అడగలేదు. ఆవిడ ఒంటిపూట భోజనం చేస్తుందనీ తెలుసు, ఏకాదశికి నీళ్ళు తప్ప ఏమీ ముట్టదనీ తెలుసు. ఇవన్నీ తెలిసి కూడా ఒకదానితో ఒకటి కలిపి చూసుకోలేదు.

పది రోజుల తర్వాత మాసీ సాయంత్రం టీకి రాలేదు. మర్నాడూ రాలేదు. నా మనసు చివుక్కుమంది. ముందురోజు నేనేమైనా మాట తూలానా అని వెతుక్కున్నాను. కొడుకు వచ్చాడేమో, ఇక నాతో పనేముంది అనుకున్నాను. గోడ అవతల దగ్గు వినిపించింది. రెండడుగులు వేసి తలుపు తట్టడానికి నాకు రోషం అడ్డొచ్చింది. ఒంటరిగా ఉండీ ఉండీ, ఎవరైనా రాకపోతే నన్ను వదిలేశారనుకోవడం అలవాటైపోయింది.

మూడోరోజు పొద్దున బడికి బయలుదేరుతుంటే వాళ్ళ పెరట్లో బిందె పడ్డ చప్పుడైంది. వెళ్ళి చూస్తే మాసీ నేల మీద కూలబడి ఉంది. ముఖం పాలిపోయింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటతో జారిపోతోంది.

"చక్కర్ ఆ రహా హై," అంది, కళ్ళు తిరుగుతున్నాయని. ఆ తర్వాత సిగ్గుపడుతూ చెప్పింది. రెండు రోజులుగా విరేచనం తారు లాగా నల్లగా అవుతోందట. తిన్న ఆకుకూర వల్లేమో అనుకుందట.

రోడ్డు మీద పోతున్న జీపు ఆపి, డ్రైవరూ నేనూ చెరో పక్క పట్టుకుని ఎక్కించాం. ఆసుపత్రి దాకా ఆవిడ తల నా ఒళ్ళోనే ఉంది.

డాక్టరు చెయ్యి చూసి, బీపీ చూసి, "ఏం మాత్రలు వాడుతోంది?" అని అడిగాడు. మాసీ మాట్లాడే స్థితిలో లేదు. నేను తెలియదంటే సరిపోయేది. ఒక్క క్షణం ఆ మాట నా నాలుక మీదకు వచ్చింది కూడా.

"గుండెకు ఒక తెల్ల మాత్ర వేసుకుంటుంది," అన్నాను. "నడుం నొప్పికి మాత్రలు నేనిచ్చాను. నావి." సంచిలోంచి అట్ట తీసి చూపించాను.

డాక్టరు సెలైన్ పెట్టమని, రక్తం చూడమని, పోర్ట్ బ్లెయిర్ పంపడానికి షిప్పు కనుక్కోమని గబగబా చెప్పి లోపలికెళ్ళాడు. అక్కడి నర్సు మన తెలుగావిడే, ఆదివారం ప్రార్థనకు వస్తుండేది. మాసీకి సూది పెట్టాక బయటికొచ్చి నా పక్కన కూర్చుంది.

"టీచరమ్మా, ఆ గుండె మాత్ర రక్తం గడ్డకట్టకుండా ఇస్తారు. మీరిచ్చిందీ దాని చుట్టమే. రెండూ కలిసి, దానికి తోడు ఖాళీ కడుపూ, లోపల పుండు పడి రక్తం కారుతుంది. నలుపంటే అదే."

"నాకేమీ కాలేదు కదమ్మా, మూడు నెలలుగా..."

"మూణ్ణెల్లా?" ఆమె నా పాదాల వైపు చూసింది. వేలితో నొక్కితే గుంట పడింది. "ఏమీ కాలేదని ఎవరు చెప్పారు మీకు? రండిలా, బీపీ చూస్తాను."

నా బీపీ ఎక్కువగా ఉంది. ఆమె చిరాకు పడలేదు గానీ మెత్తగానూ చెప్పలేదు. "ఇవి చెడ్డ మాత్రలు కావు, టీచరమ్మా. పని చేస్తాయి. కానీ తిండి తిన్నాక, ఎంత తక్కువతో సరిపోతే అంతే, డాక్టర్ చెప్పినన్ని రోజులే. బీపీ గానీ కిడ్నీ గానీ కడుపులో పుండు గానీ ఉంటే అడక్కుండా ముట్టుకోకూడదు. మంట పుడితే ఆపేసి మా దగ్గరకు రావాలి. ఒకరికి రాసింది ఇంకొకరికి ఇవ్వకూడదు, బస్."

మధ్యాహ్నం స్ట్రెచర్ మీద మాసీని జెట్టీకి తీసుకెళ్ళారు. ఆవిడ నా కొంగు పట్టుకుని వదల్లేదు. తోడు నేనే వెళ్ళాను. పోర్ట్ బ్లెయిర్‌లో రక్తం ఎక్కించారు. ఐదు రోజులు వరండాలో చాప మీద కూర్చున్నాను. పుట్టి పెరిగిన ఊరే అయినా ఆ వరండాలోకి నా కోసం వచ్చేవాళ్ళెవరూ లేరు. హాడో ఆడవాళ్ళకు కబురు పంపడానికి మనసు రాలేదు. పంపితే ఏం జరిగిందో చెప్పాలి.

కొడుకు మూడోరోజు చేరుకున్నాడు. అతన్ని పక్కకు పిలిచి నా నోటితోనే చెప్పాను. తల వంచుకుని విన్నాడు.

"ఆప్ నే అచ్ఛా సోచ్‌కే దియా, దీదీ," అన్నాడు చివరికి. మంచి తలచే ఇచ్చారు అని. కానీ ఆ రోజు నుంచి తల్లికి ఏదైనా తినిపించే ముందు అది ఎవరు తెచ్చారో చూసేవాడు. అది అతని హక్కు.

మాసీ బతికింది. రంగత్‌కు మాత్రం తిరిగి రాలేదు. కొడుక్కి పోర్ట్ బ్లెయిర్ దగ్గరి వండూర్‌కు బదిలీ అయింది, తల్లిని ఇక ఒంటరిగా ఉంచనన్నాడు. సామాను తీసుకెళ్ళడానికి తనొక్కడే వచ్చాడు. ఆ పక్క వాటా చాలాకాలం ఖాళీగానే ఉంది.

నాకు డాక్టరు ఆ మాత్రలు మానిపించాడు. పాదాల వాపు తగ్గింది, బీపీకి వేరే మందు మొదలుపెట్టాడు. నర్సు కుర్చీలో కూర్చుని కాలు చాపి, పది అంకెలు లెక్కపెట్టి దించడం నేర్పింది. వేడినీళ్ళ కాపడం పెట్టుకునేదాన్ని. నొప్పి మరీ ఎక్కువైన రోజు ఆసుపత్రికి వెళ్ళి అడిగేదాన్ని. మోకాళ్ళు పూర్తిగా బాగుపడలేదు. కొన్ని రోజులు చేతికర్ర పట్టుకుని గుట్ట ఎక్కేదాన్ని.

ప్రార్థనలో మాసీ కోసం ప్రార్థించమని అడిగాను గానీ, జబ్బు ఎలా వచ్చిందో చాలా వారాలు చెప్పలేకపోయాను. నర్సుకు తెలుసు. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒక ఆదివారం ఒకావిడ తన మాత్రలు పక్కావిడకు ఇస్తుంటే చూసి, అప్పుడు లేచి నిలబడి అంతా చెప్పాను. ఆవిడ మాత్రలు మళ్ళీ సంచిలో పెట్టుకుంది.

మరుసటి వేసవి సెలవుల్లో వండూర్ వెళ్ళాను. మాసీ నన్ను చూసి కూర్చున్న చోటనే చేతులు చాపింది. కొంచెం చిక్కింది, చెవులు సరిగ్గా వినబడడం లేదు. కొడుకు పెళ్ళి చేసుకున్నాడు. కోడలు మామిడిపండు కోసి పెట్టింది. చాలాసేపు కూర్చున్నాం. నేను మాట్లాడింది ఆవిడకు వినబడలేదు, ఆవిడ బెంగాలీ నాకు సగమే అర్థమైంది. బస్సు టైమైందని లేస్తే గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగింది. త్వరలోనే అన్నాను. ఆ ఏడాది చివర నన్ను ఇంకా దూరం, ఉత్తర కొసనున్న డిగ్లీపూర్‌కు బదిలీ చేశారు. మళ్ళీ వెళ్ళడం కుదరలేదు.