పసుపునీళ్లలో ముంచిన కత్తి

మొన్న ధర్పల్లి నుంచి మా చెల్లె ఫోన్ చేసింది. మనుమరాలి పెళ్లి మాఘమాసంలో ఖాయమైందని చెప్పి, ఆ మాటా ఈ మాటా అయినాక గొంతు కొంచెం తగ్గించి, "అన్నా, బాపు నాకైతే ఇయ్యలే. నా మనుమరాలికన్న మన పువ్వు పిలక ఇస్తవా, నువ్వు గూడ గంతేనా?" అని అడిగింది. చూసి చెప్తానన్నాను. నిజామాబాదులో నేనుంటున్న అద్దె ఇంటి వరండాలో, మిగతా కుండీలకు ఎడంగా ఒంటరిగా వేలాడుతున్న ఆర్కిడ్ మొక్కను చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను. మా ఇంటి ఆస్తిలో నా వరకు వచ్చినవి ఆ మొక్క, తాత నాటి ఒక కత్తి, వెన్ను వంచకుండా కూర్చునే అలవాటు, అంతే.

బోధన్ దగ్గర మాకు పెద్ద ఇల్లుండేది. ఆ వైపు పెరిగిన నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, చెరుకు కొట్టే కాలం వస్తే తెల్లవారకముందే ఫ్యాక్టరీ కూత, రోడ్డు పొడుగునా బండ్ల బారు, గాలి నిండా పుల్లటి తీపి వాసన. ఇంటి వెనక గోనె పట్టాల పందిరి కింద, తాత బెంగళూరు నుంచి తెప్పించిన ఆర్కిడ్లు ఉండేవి. ఎండాకాలంలో నిజాంసాగర్ కాలువ నీళ్లతో ఆ గోనెలు తడపడం మాకు పూజతో సమానం. వాటికి మట్టి అక్కరలేదు, కొబ్బరి పీచు, బొగ్గు ముక్కలు చాలు. మా భూములు ఒక్కొక్కటే చేజారుతున్న రోజుల్లో మేనత్త ఆ పూలను చూసి, "అచ్చం మన లెక్కనే. కింద మట్టి లేదు, మీద టెక్కు తగ్గలేదు" అని నవ్వేది. బాపు ముఖం ముడుచుకునేవాడు గాని ఆ మాట కాదని అనలేకపోయేవాడు.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఆడపిల్ల అత్తగారింటికి పోయే రోజు బాపు తలస్నానం చేసి, పట్టుపంచె కట్టి, వెండి పిడి ఉన్న తాత కత్తితో తల్లిమొక్క నుంచి ఒక పిలక కోసి, వెదురుబుట్టలో పెట్టి బిడ్డ చేతికిచ్చేవాడు. కోసే ముందూ, కోసిన తర్వాతా కత్తిని పసుపునీళ్ల చెంబులో ముంచాలి. పసుపు పండించే జిల్లా మాది. గాయానికీ పసుపే, గడపకూ పసుపే, అది తాకినదానికి ఏ దోషమూ ఉండదని మా నమ్మకం. పందిరి కింది మొక్కలన్నింటికీ అదే కత్తి, అదే చెంబు.

కొన్నేళ్లకు ఆ ఊదా పువ్వుల్లో తెల్లటి చారలు తేలడం మొదలైంది. రేకుల అంచులు కాస్త ముడతపడ్డా, ఆ చారలు చూసి బాపు మురిసిపోయాడు. వచ్చినవాళ్లనల్లా పందిరి కిందికి తీసుకుపోయి, గిట్లాంటి పువ్వు జిల్లాల ఇంకోకాడ చూపియ్యుమనేవాడు.

తోటల పని చదువుకొని వచ్చిన మా పెద్దమ్మ కొడుకు ఒక చలికాలం మా ఇంటికి వచ్చాడు. పువ్వు చూసి మెచ్చుకుంటాడని మేమనుకుంటే, అతడు ఆకును ఎండకు ఎత్తి పట్టాడు. లేత ఆకులో తెగితెగి పాలిపోయిన గీతలు కనిపించాయి. ముదురు ఆకుల్లో అవే గీతలు నల్లబడి లోపలికి గుంటపడ్డాయి. బూజు మచ్చ అయితే తడి తగ్గించి మందు కొడితే ఆగుతుందనీ, ఇది మాత్రం కొత్త చిగురులోకీ, పువ్వులోకీ పాకుతుందనీ, దీనికి మందు లేదనీ నెమ్మదిగా చెప్పాడు.

"ఇది వైరస్, చిన్నాయనా. పసుపుకు చావదు. ఒక చెట్టు రసం ఇంకో చెట్టుకు మీ చెంబే మోసింది. కత్తిని మంటల కాల్చి వాడాలె. ఈ చెట్లను కాల్చెయ్యాలె."

బాపు కళ్లు ఎర్రబడ్డాయి. "మా ఇంటి పువ్వుకు రోగమా? నాలుగు పుస్తకాలు చదివి మా నాయిన పెట్టిన చెట్టుకు వంక పెడ్తున్నవా?"

"చెరుకుల గిట్లనే ఆకు చారలు దేలితె, ఆ మడి ముచ్చెలు విత్తనానికి కోస్తవా?"

బాపు ఆ ఆకును తానే ఎండకు ఎత్తి చూశాడు. విత్తనంగా నాటే చెరుకు ముక్కల, ఆ ముచ్చెల కోసం తానే మడిలో తిరిగి, చార కనిపించిన దుబ్బునల్లా పీకించి పారేయించే మనిషి ఆయన. చెరుకులో తెగులన్నదాన్నే పువ్వులో అందమనుకున్నాడు.

అతడు వెళ్లిపోయిన కొన్నాళ్లకు, ఎవరూ ఏమీ అడగకుండానే, బాపు ఆ మొక్కలన్నిటినీ ఎండిన చెరుకు ఆకు మీద పేర్చి నిప్పు పెట్టాడు. తాత పెట్టిన తల్లిమొక్కకు మాత్రం చేయి రాలేదు. దాన్ని దూరంగా బావి దగ్గర వేలాడదీసి, మళ్లీ దానికి కత్తి తాకించలేదు. చలికి చచ్చాయని ఇంట్లో ఆడవాళ్లకు చెప్పి, మన పువ్వుకు రోగమన్న మాట ఎవరి దగ్గరా పొక్కొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు.

మరుసటేడే చెల్లె పెళ్లి. అక్కలిద్దరూ పిలక బుట్టతో పోయిన ఇంటి నుంచి ఆమె ఉత్త చేతులతో పోయింది. ఈయేడు పిలకలు రాలేదన్నాడు బాపు. బావి దగ్గరి మొక్కకు వచ్చిన పిలకలు ఆమె కళ్లతో చూస్తూనే ఉంది. దొర పిసినారి అయ్యిండని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. ఆ పేరు ఆయన చివరిదాకా మోశాడు గాని, పువ్వుకున్న పేరు పోనియ్యలేదు.

చెల్లె అడిగిన తర్వాత నాలో ఒక ఆశ పుట్టింది. పెద్దమ్మ కొడుకే పొరబడ్డాడేమో! ఇప్పుడు ఇంట్లోనే చూసుకునే పరీక్ష పట్టీలు వచ్చాయి. ఒకటి తెప్పించి, ఇప్పుడు నా వరండాలో ఉన్న ఆ తల్లిమొక్క ఆకు ముక్క నూరి, వాళ్లిచ్చిన ద్రవంలో కలిపి పట్టీ ముంచాను. ఒక్క గీత వస్తే రోగం లేనట్టు. ఒక గీత వచ్చింది. అదే చాలు, అక్కడే ఆగిపోవాలని కోరుకుంటుండగా, దాని పక్కన రెండోది మెల్లగా తేలింది.

బాపుకు పెట్టిన ఒట్టు పక్కన పెట్టి చెల్లెకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.

"గీ ముక్క నాకు చెప్తె ఆయన మీసాలేమన్న రాలుతుండెనా? అక్కల మీదనే పానం, నేనంటె లెక్కలేదనుకుంట ఇన్నేండ్లు ఏడిస్తి." ముక్కు చీదుకుంది. తర్వాత ఆమే నవ్వింది. "పిలక వద్దులే అన్నా. పెండ్లి నాటికి పూస్తె ఒక్క పువ్వు తెంపుకరా, పోరి జడల పెడ్త. రోగం జడకు అంటుకోదు గద?"

అంటుకోదన్నాను.

మొగ్గ తొడిగింది. పెళ్లినాడు తాత కత్తిని గ్యాస్ పొయ్యి మంటలో ఎర్రగా కాల్చి కోస్తాను. వెండి పిడి నల్లబడినా సరే. ఆ ఇల్లున్న చోట ఇప్పుడు ప్లాట్లు, పందిరి ఆనవాలు కూడా లేదు. ఫంక్షన్ హాళ్లలో ఆర్కిడ్లు కట్టలుకట్టలుగా దిగుతున్నాయి, ఒక్క చార లేకుండా, అన్నీ ఒకే తీరుగా. ఏ ఇంటి పువ్వని ఎవరూ అడగరు. మా ఇంటి ఆడపిల్లకు వేరుతో సహా ఇచ్చి పంపిన కాలం ఒకటుండేది. ఇక తెంపి ఇవ్వడమే మిగిలింది, సాయంత్రానికి వాడిపోయేదైనా.