మేనమామ మోయని బుట్ట

మా నాన్న తన తమ్ముడి పెద్దకార్యానికి తణుకు వెళ్ళి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ అన్న మొదటి మాట నాకింకా చెవిలో ఉంది. "పెరుగు నాకు ఆఖర్న పోశారు, చూశావా?" అన్నాడు. పోయినవాడు సొంత తమ్ముడు. ఎప్పుడో ఏదో పెళ్ళిలో రెండో బంతిలో కూర్చోబెట్టారని ఏళ్ళ తరబడి ఆ గడప తొక్కలేదు. తీరా ఆ మనిషి పోయాక వెళ్ళి, అక్కడ కూడా పెరుగు బకెట్టు ఎటునుంచి ఎటు నడిచిందో చూసుకుని వచ్చాడు. కొడుకునై ఉండి అనకూడదు గానీ, ఆ పూట ఆయన మొహం చూడ్డానికి నాకు రోత పుట్టింది.

ఆ జబ్బు ఆయనతోనే పోయిందనుకున్నాను. పోలేదు. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లులకి బెల్టులూ బేరింగులూ అమ్మే కొట్టుతో పాటు అదీ నాకే దక్కింది.

మా అక్కని కైకలూరు ఇచ్చారు. చేపల చెరువుల కుటుంబం. నిరుడు అక్క కూతురికి పెళ్ళి కుదిరింది. మాలో పెళ్ళికూతుర్ని వెదురు బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేది మేనమామ. దానికున్న మేనమామని నేనొక్కణ్ణే. చిన్నప్పుడు సెలవులకొస్తే మా కొట్లో ఖాళీ అట్టపెట్టెలో దూరి "మావయ్యా, నా పెళ్ళి, ఎత్తు" అనేది. ఎత్తి వీధి చివరిదాకా తిప్పుకొచ్చేవాణ్ణి.

పెళ్ళికి పిలవడానికి మాకో పద్ధతుంది. ఇంటికి రావాలి, ఆడవాళ్ళకి బొట్టు పెట్టాలి, మగవాళ్ళకి కార్డు చేతికివ్వాలి, "ముందే వచ్చి మీరే నడిపించాలండి" అనాలి. మా బావగారు నేను కొట్లో లేని పూట వచ్చి, కార్డు గుమాస్తా చేతికిచ్చి, చెరువుకి మేత దిగే టైమైందని జీపెక్కి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసి "కార్డు అందిందిరా?" అంది. అందిందన్నాను. "సరే అయితే, బోల్డు పనుంది" అని పెట్టేసింది.

జరిగింది అంతే. నా బుర్రలో జరిగింది వేరు. అందిందా అని అడిగింది గానీ రమ్మని అందా? బావగారు నేను లేని పూట చూసుకునే వచ్చారా? కొట్టుకి రెండు వీధులవతలున్న మా ఇంటికొచ్చి మా ఆవిడకి బొట్టు పెట్టడానికి అక్కకి కాళ్ళు రాలేదా? వియ్యాలవారు గొప్పవాళ్ళట, బెల్టులమ్ముకునేవాడు బుట్ట మోస్తే నామోషీ కాబోలు! గడ్డం గీసుకుంటూ అదే, అన్నం కలుపుకుంటూ అదే. గేదె నెమరేస్తే పాలన్నా ఇస్తుంది. నాకు మాత్రం పుల్లటి తేన్పులు తప్ప ఏమీ రాలేదు. పైగా కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఈ కథ చెప్పేవాణ్ణి. "అదేంటండీ, మేనమామని పిలిచే తీరు అదేనాండీ" అని వాళ్ళు మంట ఎగదోసేవారు. వాళ్ళ సొమ్మేం పోయింది, కూర్చున్నంతసేపూ టీలు వచ్చేవి.

మా ఆవిడ వినీ వినీ విసిగిపోయింది. "ఏవండీ, ఒక్కసారి ఫోన్ చేసి అడిగేయండి. తిడితే తిట్టించుకోండి, గొడవొదిలిపోద్ది" అంది.

"అడిగితే చులకనైపోతాం" అన్నాను.

"ఇప్పుడేదో మీరు మహా బరువుగా ఉన్నట్టు" అంది. పెళ్ళి ముందురోజే పెట్టె సర్దుకుని, నాకోసం ఆగకుండా కైకలూరు వెళ్ళిపోయింది.

వెళ్ళకుండా ఉండే ధైర్యం నాకు లేదు. వేళకి వెళ్ళే బుద్ధీ లేదు. అందుకని తెలివైన ఉపాయం కనిపెట్టాను. ముహూర్తం వేళకి సరిగ్గా చేరాలి, ముందు కాదు. మేనమామ రాలేదేమని అందరూ కంగారు పడాలి, అక్క గుమ్మంలోకి పరిగెత్తుకు రావాలి, అప్పుడు నేను పెద్దమనసు చేసుకుని బుట్ట ఎత్తాలి. మాకు కైకలూరు భీమవరం మీదుగా దగ్గర. నేను ఏలూరు మీదుగా బయల్దేరాను. ఏలూరు బస్టాండులో కైకలూరు బస్సు కళ్ళముందే కదులుతుంటే, మరీ తొందరగా చేరిపోతానేమోనని దాన్ని వదిలేసి టీ తాగాను. అది తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యమేస్తుంది.

తరవాతి బస్సు కొల్లేరు మధ్యలో ఆగిపోయింది. ముందెక్కడో చేపల లారీ గతుకులో దిగబడి రోడ్డుకి అడ్డంగా ఉంది. మా ముందు ఆగిన వ్యానులోంచి ఐసు కరిగిన నీళ్ళు, చేపల నెత్తురుతో కలిసి రోడ్డు మీదకి కారుతున్నాయి. అటూ ఇటూ చెరువులే. గట్టు మీద చచ్చిన చేపలు కుప్పేసి ఉంటే ఈగలు ముసురుతున్నాయి. ముక్కు మూసుకుని కూర్చున్నాను. ఫోన్ మోగింది, మా ఆవిడ.

"ఎక్కడున్నారండీ? పిల్ల బుట్టలో కూర్చుని ఉంది. పంతులుగారు తొందరపెడుతున్నారు. పెళ్ళికొడుకు తరపువాళ్ళెవరో ఎత్తుతామన్నారు, ఇదేమో మావయ్య వస్తాడు ఆగండంటోంది."

లారీ కదలట్లేదని చెప్పాను. అటునుంచి సన్నాయి వినబడుతోంది. ఆవిడ ఫోన్ పెట్టేసింది.

నేను చేరేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. పిల్ల ఎవర్నీ బుట్ట ముట్టుకోనివ్వలేదట. ముహూర్తం దాటిపోతుందంటే తనే దిగి, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని మండపానికి నడిచి వెళ్ళిందట. పసుపు రాసిన ఆ బుట్ట ఓ మూల పడి ఉంది. అప్పటికే అందులో ఎవరో ఎంగిలి మంచినీళ్ళ గ్లాసులు పడేశారు.

అక్క నన్ను చూసి, "వచ్చావా? ఎండన పడొచ్చావు, ముందు భోజనం చెయ్యరా" అంది. "బొట్టు పెట్టలేదని నీకు కష్టమేసిందటగా, మీ ఆవిడ ఇందాకే చెప్పింది. మనింటి పెళ్ళికి నిన్ను పిలవడమేంట్రా? నన్నెవరు పిలిచారు?" అని, జవాబుకి ఆగకుండా వంటల వైపు వెళ్ళిపోయింది.

బంతిలో కూర్చున్నాను. అన్నం కెలుకుతున్నాను. అంతలో పెరుగు వచ్చింది. వడ్డించే అతను నా పక్కాయనకి పోసి, నన్ను దాటి, ఎదుటి వరసకి వెళ్ళిపోయాడు. చూశావా, అంది నా బుర్ర. అచ్చం మా నాన్న గొంతుతో అంది. మేనకోడలి బుట్ట ఎత్తని మనిషికి పెరుగు వరసొకటి కావాల్సొచ్చింది! ఆకు మడిచి, చెయ్యి కడుక్కుని, వడ్డించే అతని చేతిలోంచి బకెట్టు తీసుకున్నాను.

"మీరెందుకండీ" అన్నాడతను.

"పెళ్ళికూతురి మేనమామనండి" అన్నాను. ఆ మాట ఆ రోజు నా నోటివెంట రావడం అదే మొదలు.

వరస చివర కొత్త పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు కూర్చున్నారు. అతనికి పోశాను. దాని దగ్గరికొచ్చేసరికి అది తలెత్తకుండా ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది. కడుపు నిండిందా? అత్తవారి ముందు మొహమాటమా? నేనంటే అసహ్యమా? బుర్ర మళ్ళీ దవడలాడించడం మొదలెట్టింది. పళ్ళు బిగబట్టి, ఎన్నడూ చెయ్యని పని చేశాను. అడిగేశాను.

"కోపమొచ్చిందా అమ్మా?"

"వచ్చింది మావయ్యా" అంది. "పరికిణీలు కట్టుకున్నప్పట్నించీ చెబుతూనే ఉన్నానుగా, నువ్వే ఎత్తాలని. ఇంకెలా పిలవాలి నిన్ను?"

ఆ మాటలో నెమరెయ్యడానికి ఏమీ లేదు. అది చెయ్యి తియ్యలేదు. నేను బకెట్టు పట్టుకుని పక్క ఆకు దగ్గరికి నడిచాను.