లోయ పక్క సీటు

మాది అనంతపురం. భద్రాచలంలో పనుండి రాజమండ్రిలో బస్సెక్కాను. మారేడుమిల్లి దాటాక ఘాట్ రోడ్డులో వాన పట్టుకుంది. ఒక మలుపులో లారీ ఎదురొచ్చింది. దారివ్వడానికి మా డ్రైవరే బస్సును వెనక్కి తీయాల్సి వచ్చింది. కండక్టరు దిగి, వానలో విజిల్ వేస్తున్నాడు. నా కిటికీలోంచి రోడ్డు కనిపించలేదు, లోయే కనిపించింది.

నా పక్కన ధవళేశ్వరం నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంది. గోదావరిలో చేపలు పట్టే కుటుంబమని దారిలో చెప్పింది. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టి లాగింది.

"ఇటు జరగండి బాబూ! నిలబడొద్దు, వంగి రండి. అందరూ కొండవైపు వచ్చేయండి!"

బస్సులో దాదాపు అందరూ గోదారి ఒడ్డు వాళ్లే, ఎందుకని ఒక్కరూ అడగలేదు. పడవ ఒరిగినప్పుడు జరిగినట్టే, లోయ పక్కనున్న వాళ్లంతా చప్పుడు చేయకుండా అవతలి సీట్లలోకి సర్దుకున్నారు. ఎండిన ఏరు తప్ప ఎరగని నేనూ వాళ్ల మధ్య ఇరుక్కున్నాను.

"ఇది పడవ కాదండీ, బస్సు! ఎవరి సీట్లో వాళ్లు కూర్చోండి!" అని డ్రైవరు అరిచాడు. ఎవరూ కదల్లేదు.

చివరికి లారీ మమ్మల్ని రాసుకునేంత దగ్గరగా దాటిపోయింది. ఆవిడ మాత్రం నా చెయ్యి వదల్లేదు.

"గోదారిలో ఇన్నేళ్లు తిరిగారు, మీకూ భయమేనా?" అన్నాను.

"పడవ బోల్తా పడితే ఈదుకొస్తామండి," అంది, లోయకేసి చూడకుండా. "ఇక్కడ కింద నీళ్లే లేవు కదా బాబూ!"

ఘాట్ దిగి చింతూరు వచ్చేదాకా నా కిటికీ సీటు ఖాళీగానే ఉంది.